బోర్డు పెట్టగానే జనం వస్తారా?

"మా చెల్లెలు కౌన్సెలింగ్ సెంటర్ పెట్టిందండీ" అని చెబితే మా వీధిలో ఒకావిడ, "ఇంజనీరింగ్ సీట్లకా?" అని అడిగింది.

"కాదండీ, మనసు బాగాలేని వాళ్లు చెప్పుకునేది వింటుంది, దారి చూపిస్తుంది" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "అమ్మో! అయితే పిచ్చివాళ్లొస్తారా?" అంది. మా కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

ఈ మధ్య మన ఇళ్లల్లో సైకాలజీ చదివిన ఆడపిల్లలు బాగానే కనిపిస్తున్నారు. ఉద్యోగాలు దొరక్క కొందరు, పిల్లల్ని చూసుకుంటూ చేసుకోవచ్చని కొందరు సొంతంగా ఒక గది తీసుకుని ప్రాక్టీసు పెడదామనుకుంటున్నారు. నేను చదివింది ఇంటరే. సైకాలజీ నాకు తెలియదు. కానీ రెండేళ్లకు పైగా మా చెల్లెలి సెంటర్లో ఫోన్లు తీసి, కుర్చీలు తుడిచి, నెలాఖరుకి లెక్కలు రాసినదాన్ని. మనుషులు ఎందుకు రారో, ఎలా వస్తారో కళ్లారా చూశాను. ఎవరికైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

గాజులు తాకట్టు పెట్టి...

మా చెల్లెలు ఎం.ఎస్సీ. సైకాలజీ చేసింది. పెళ్లయ్యాక ఒక కాలేజీ హాస్టల్లో 9 ఏళ్లు కౌన్సెలర్‌గా పనిచేసింది. 2023 జూన్‌లో గుంటూరు బ్రాడీపేటలో, ఒక టైలరింగ్ షాపు పైన రెండు గదులు అద్దెకి తీసుకుంది. నాలుగు గాజులు బ్యాంకులో పెట్టి లక్షా 50 వేలు తెచ్చింది. అడ్వాన్సు 21,000, చెక్క పార్టిషను, రంగులు 28,000, కుర్చీలు, బల్ల 22,000, ఫ్యాను, మంచినీళ్ల ఫిల్టరు వగైరా 9,500, బోర్డు 3,500. మొత్తం 84,000 అయింది. మిగిలిన 66,000 నెలనెలా ఖర్చులకని పక్కన పెట్టింది.

వాళ్ల అత్తగారు మంచిదే, కానీ ఖచ్చితమైన మనిషి. "సంక్రాంతి దాకా చూడమ్మా. అప్పటికీ గిట్టకపోతే మళ్లీ ఉద్యోగం వెతుక్కో. గాజులు మాత్రం పోగొట్టుకోకు" అంది. మా మరిది ఏమీ అనలేదు. ఆయన మౌనమే మా చెల్లెల్ని ఎక్కువ భయపెట్టింది.

మంచిరోజు చూసి గుమ్మానికి తోరణం కట్టాం. కింద షాపువాళ్లకీ, పక్కవాళ్లకీ పులిహోర పంచాం. 19 రోజులు గడిచాయి. మెట్లెక్కి వచ్చింది కరెంటు బిల్లు అబ్బాయి ఒక్కడే!

ఎంతమంది వస్తే చాలు?

ముందు అందరూ చేసే పొరపాటు, డాక్టరుగారి హాస్పిటల్లాగా బెంచీల నిండా జనం ఉండాలనుకోవడం. ఓ రోజు సాయంత్రం నేనూ మా చెల్లెలూ పాలవాడి లెక్కల పుస్తకం వెనకపేజీలో లెక్క వేసుకున్నాం.

అద్దె 7,000. ఊడ్చి తుడిచే మనిషికి 1,200. కరెంటు 900. ఫోను, నెట్టు 600. తనకంటే అనుభవమున్న ఒక సీనియర్‌తో నెలకోసారి కూర్చుని సందేహాలు తీర్చుకోవడానికి 1,500. చిల్లర ఖర్చులు 800. మొత్తం 12,000.

ముప్పావు గంట మాట్లాడడానికి ఫీజు 500 పెట్టింది. అంటే నెలకి 24 సార్లు ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటే ఖర్చులు వెళ్లిపోతాయి. పైన తనకి 20,000 మిగలాలంటే 64 సార్లు. వారానికి 16.

వచ్చిన మనిషి ఒక్కసారితో ఆగరు కదా! కొందరు రెండుసార్లకే మానేస్తారు, కొందరు పది, పన్నెండుసార్లు వస్తారు. సగటున ఆరు అనుకున్నా, నెలకి 11 మంది కొత్తవాళ్లు చాలు. ఇంత పెద్ద గుంటూరులో నెలకి 11 మంది! ఆ లెక్క చూశాక మా ఇద్దరికీ కొంచెం ఊపిరాడింది. ఇది కిరాణా కొట్టు కాదు, ఊరంతా రానక్కర్లేదు. ఆ 11 మందికి భయం లేకుండా మెట్లెక్కే వీలు కల్పించాలి, అంతే.

అవసరమున్నవాళ్లు లేక కాదు. బెంగళూరులోని నిమ్‌హాన్స్ వారు 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. రకరకాల సమస్యలను బట్టి చూస్తే, వాటితో బాధపడేవారిలో నూటికి 70 నుంచి 90 మంది దాకా వైద్యమే అందడం లేదట. మరి వాళ్లంతా ఎక్కడున్నారు? మన పక్కింట్లోనే ఉన్నారు. తలనొప్పి అనో, నిద్ర పట్టదనో, గుండె దడ అనో చెప్పుకుంటూ ఉన్నారు.

కరపత్రాలకి వచ్చిన ఫోన్లు

జూలైలో 2,600 పెట్టి కరపత్రాలు వేయించి పేపర్లో పెట్టించాం. ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. మొత్తం అయిదు ఫోన్లు వచ్చాయి. ఇద్దరు ఉద్యోగం ఉందా అన్నారు. ఒకాయన జాతకం కూడా చూస్తారా అన్నాడు. ఒకావిడ కోడలిని దారిలో పెట్టాలి, మీరే మా ఇంటికి రావాలంది. అయిదో ఆయన ఏం మాట్లాడకుండా పెట్టేశాడు. కరపత్రం చూసి వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

మా వీధిలో ఆవకాయ అమ్మే ఆవిడుంది. ఒకరు తిని బాగుందంటే నలుగురికి చెబుతారు, ఆ నలుగురూ మరో పదిమందికి. ఆవిడకి కరపత్రం అక్కర్లేదు. కానీ మా చెల్లెలి దగ్గర ఎంత మేలు జరిగినా ఎవరూ బయట చెప్పరు! చెబితే వాళ్ల గుట్టు బయటపడుతుంది. ఈ వృత్తికున్న అసలు ఇబ్బంది ఇదే. పైగా, వచ్చినవాళ్లని "నలుగురికి చెప్పండి" అని అడగడం కూడా తప్పేనంటుంది మా చెల్లెలు. తన దగ్గర కష్టం చెప్పుకున్న మనిషి మొహమాటానికి కాదనలేదు కదా.

బోర్డు మార్చాం

మొదటి బోర్డు మీద పెద్ద అక్షరాలతో "మానసిక చికిత్సా కేంద్రం" అని రాయించాం. చదివినవాళ్లు తల తిప్పుకుని వెళ్లిపోయేవాళ్లు. కింద టైలరు నవ్వుతూ, "అక్కా, జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా పైకి చూసి జంకుతున్నారు" అన్నాడు.

దాన్ని తీసేసి చిన్న బోర్డు పెట్టాం. "పిల్లల చదువు, నిద్ర, దిగులు, కుటుంబ సమస్యలకు కౌన్సెలింగ్" అని రాయించి, కింద పేరు, చదువు, ఫోను నంబరు. తను చదివినదే రాయించింది. "క్లినికల్ సైకాలజిస్టు" అని రాసుకోవాలంటే 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం ప్రకారం దానికి తగిన చదువు చదివి, కౌన్సిల్‌లో పేరు నమోదై ఉండాలి. ఆ చదువు తనకి లేదు కాబట్టి "కౌన్సెలర్" అని మాత్రమే వేయించింది. వారం రోజుల కోర్సు చేసి పెద్ద పెద్ద పేర్లు రాసుకునేవాళ్లున్నారు. అలా చేస్తే ఇవాళ నలుగురు వచ్చినా రేపు మాట పోతుంది.

ఇంకో సంగతి, లోపల మాట్లాడితే బయటికి వినపడుతోందా అని చూశాం. తను లోపల కూర్చుని పంచాంగం గట్టిగా చదివింది, నేను బయట కుర్చీలో కూర్చున్నాను. తిథి, వార, నక్షత్రాలన్నీ వినపడ్డాయి! వెంటనే తలుపు కింద రబ్బరు పట్టీ వేయించి, మందపాటి కర్టెను కట్టి, బయట గదిలో రేడియో పెట్టాం.

ఒకరు వెళ్లాక ఇంకొకరు రావడానికి మధ్య పావుగంట ఖాళీ ఉంచింది. మెట్ల మీద ఒకరికొకరు ఎదురుపడకూడదు కదా. ఇల్లాళ్ల కోసం పొద్దున 11 నుంచి 1 దాకా. అప్పటికి క్యారియర్లు కట్టి పంపడం అయిపోతుంది, మార్కెట్‌కని చెప్పి రావచ్చు. ఉద్యోగస్తులకి సాయంత్రం 6 నుంచి 8. ఈ చిన్న మార్పులతోనే ఆగస్టుకి అయిదుగురు వస్తూ ఉన్నారు.

నా నోటి దురుసు

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. మా చెల్లెల్ని అడిగి, తను చదివి సరేనన్నాకే రాస్తున్నాను. ఎవరో పోల్చుకునే వివరాలేవీ రాయడం లేదు.

ఆ శ్రావణ మాసంలో ఒక పేరంటానికి వెళ్లాను. అక్కడ మా చెల్లెలి దగ్గరికి వచ్చే ఒకావిడ కనిపించింది. ఆ అయిదుగురిలో ఒకావిడ. లోపల ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. కానీ మొదటిరోజు కంటే మొహం తేటపడిందని నాకు సంతోషం. వాయినం అందుకుంటూ, "ఇప్పుడు నయంగా ఉందా అమ్మా? ఈ వారం రాలేదేం?" అని అడిగేశాను. పక్కనే వాళ్ల అత్తగారు. "ఎక్కడికి?" అంది ఆవిడ.

ఆ అమ్మాయి మొహం తెల్లబోయింది. "టైలరు దగ్గరికి" అని నేనే ఏదో సర్దాను కానీ, అత్తగారి చూపు మారిపోయింది.

ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. ఫోను ఎత్తలేదు. ఇంటికి వెళ్లి అడగడానికి లేదు, మళ్లీ మళ్లీ ఫోను చేయడానికీ లేదు. మా చెల్లెలు కేకలేయలేదు. "అక్కా, ఆవిడ ఈ ఊళ్లో నమ్మి వచ్చిన చోటు ఇదొక్కటే" అని మాత్రం అంది. నాలుగు రోజులు ఫోను నా చేతికివ్వలేదు. ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సయించలేదు.

గుట్టు కాపాడడం మర్యాద కోసం మాత్రమే కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ గోప్యతని వైద్యం పొందేవారి హక్కుగా చెప్పింది. ఈ సంగతి నాకు ఆ తర్వాతే తెలిసింది. అప్పటినుంచి మా చెల్లెలు కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ మొదటిరోజే చెబుతుంది, "బయట ఎక్కడైనా కనిపిస్తే నేను ముందు పలకరించను. ఏమీ అనుకోకండి. మీరు పలకరిస్తే పలుకుతాను" అని. నాకూ అదే నియమం. ఈ మాట విన్నాక భుజాలు దించి కుర్చీలో వెనక్కి ఆనుకునేవాళ్లు చాలామంది అని తను అంటుంది.

డాక్టర్ల దగ్గరికి

అక్టోబరు నాటికి పక్కన పెట్టిన డబ్బు కరిగిపోతోంది. అప్పుడు మా చెల్లెలు ధైర్యం చేసి డాక్టర్లను కలవడం మొదలెట్టింది. మనసు బాగాలేనివాళ్లు ముందు వెళ్లేది అక్కడికే కదా! గుండె దడ అని వెళతారు, ఈసీజీ బాగానే ఉంటుంది. కడుపులో మంట అంటారు, పరీక్షల్లో ఏమీ ఉండదు. కాన్పయ్యాక ఊరికే ఏడుస్తున్న అమ్మాయిని ఆడడాక్టరు దగ్గరికే తీసుకెళతారు.

మందుల కంపెనీ రిప్రజెంటేటివుల పక్కన బెంచీ మీద గంటలు గంటలు కూర్చుంది. లోపల దొరికేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో తన గొప్ప చెప్పుకోలేదు. ఎలాంటివాళ్లని చూస్తానో, ఎలాంటివాళ్లని చూడనో చెప్పింది. మందులు రాయననీ, మందులు కావలసినవాళ్లని సైకియాట్రిస్టుకి పంపిస్తాననీ చెప్పింది. పంపిన మనిషి ఒప్పుకుంటే, వచ్చి చూపించుకున్నారని రెండు ముక్కలు రాసి తిరిగి పంపిస్తానంది. ఈ చివరి మాట డాక్టర్లకి బాగా నచ్చింది.

ఒకచోట మాత్రం, "పంపిస్తే మాకెంత పర్సెంటేజీ?" అని అడిగారు. ఆ రాత్రి మా చెల్లెలు మా ఇంటికొచ్చి చాలాసేపు కూర్చుంది. అక్కడినుంచి నెలకి ఆరేడుగురు వచ్చే అవకాశముంది. సంక్రాంతి మూడు నెలల్లోకి వచ్చేసింది. "ఇస్తే ఏమవుతుందే?" అని నేనే అన్నాను. "ఆ డబ్బు వచ్చినవాళ్ల ఫీజులోంచే కదక్కా ఇవ్వాలి. అప్పుడు రెండుసార్లు చాలినవాళ్లని ఆరుసార్లు రమ్మనాలనిపిస్తుంది నాకు" అంది. మర్నాడు కుదరదని చెప్పేసింది. అక్కడినుంచి ఇప్పటికీ ఎవరూ రారు.

మొత్తం 14 మందిని కలిస్తే, మనుషుల్ని పంపుతూ ఉన్నది ముగ్గురే. ఒక జనరల్ ఫిజీషియన్, ఒక గైనకాలజిస్టు, ఒక సైకియాట్రిస్టు. సైకియాట్రిస్టు పోటీ అనుకుని భయపడ్డాం కానీ, ఆయనకి రోగి దగ్గర ముప్పావుగంట కూర్చునే తీరిక ఎక్కడిది? మందులు ఆయన చూసుకుంటారు, మాటలు ఈవిడ చూసుకుంటుంది.

సెప్టెంబరులో 13 సార్లు, అక్టోబరులో 18, నవంబరులో 22. డిసెంబరులో 26! మొదటిసారి ఖర్చులు గిట్టాయి. 1,000 రూపాయలు మిగిలాయి. వాళ్ల అత్తగారు ఆ పుస్తకం తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని అంతా చూసి, "సరే, ఉగాది దాకా చూద్దాం" అంది.

పరీక్షల ముందు నిద్ర

2024 ఫిబ్రవరిలో రెండు స్కూళ్లలో తల్లిదండ్రుల మీటింగుకి వెళ్లి అరగంట ఉచితంగా మాట్లాడింది. "మానసిక ఆరోగ్యం" అంటే ఎవరూ రారని, "పరీక్షల ముందు పిల్లల నిద్ర, తిండి, చదువు" అని పేరు పెట్టింది. హాలు నిండింది. అక్కడ ఎవరూ నంబరు అడగలేదు. ఒకరి ముందు ఒకరు ఎలా అడుగుతారు? రెండు మూడు వారాలయ్యాక ఒక్కొక్కరే ఫోన్లు చేశారు. పిల్లల కోసం వచ్చిన తల్లుల్లో కొందరు తర్వాత తమ కోసం వచ్చారు. ఆ మార్చిలో 41 సార్లు కూర్చుంది.

ఇప్పుడైతే ఇంకొక దారి తెరుచుకుంది. విశాఖపట్నంలో కోచింగు తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో, 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, 100 మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న సంస్థలు అర్హతగల కౌన్సెలర్‌ని గానీ సైకాలజిస్టుని గానీ నియమించుకోవాలంది. అంతకంటే చిన్నవి బయట ఉన్న నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. కొత్తగా ప్రాక్టీసు పెట్టేవాళ్లు చుట్టుపక్కల చిన్న స్కూళ్లు, ట్యుటోరియల్స్ దగ్గరికి వెళ్లి అడగవచ్చు.

ఫోను తీసే మనిషి

మా చెల్లెలు మళ్లీ నాకు ఫోను అప్పగించింది. ఫోను చేసేవాళ్లు ఎక్కువమంది "మా ఫ్రెండుకండీ" అంటారు. నేనూ ఫ్రెండుకే అన్నట్టు మాట్లాడతాను. పేరు అడగను. ఫీజు ఎంతో, ఎంతసేపో, మెట్లు ఎటువైపో, లిఫ్టు లేదనీ చెబుతాను. "పిచ్చికా?" అంటే "నిద్ర పట్టనివాళ్లు, దిగులుగా ఉన్నవాళ్లు కూడా వస్తారండీ" అంటాను. "ఎన్నిసార్లు రావాలి?" అంటే "ఒకసారి వచ్చి చూడండి, మీకు నప్పితేనే మళ్లీ" అంటాను. "తప్పకుండా నయమవుతుందా?" అంటే అవుతుందని మాత్రం చెప్పను. చచ్చిపోవాలనుందని ఎవరైనా అంటే ఫోను పెట్టేయనివ్వకుండా మా చెల్లెలికిస్తాను. అందరికీ కనపడేలా గోడ మీద 14416 నంబరు రాసి ఉంచాం. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలెట్టిన టెలీ మానస్. పగలూ రాత్రీ ఉచితంగా మాట్లాడతారు.

ఇప్పుడు వారానికి 14, 15 సార్లు కూర్చుంటోంది. లెక్క వేసుకున్న 16 ఇంకా రాలేదు. గాజులు మాత్రం 2024 దసరాకి విడిపించుకుంది. మొన్న ఒకావిడ ఫోను చేసి, "నాకు తెలిసినావిడ చెప్పింది, కానీ ఆవిడ పేరు చెప్పనులెండి" అంది. నేనూ అడగలేదు. ఆవకాయలాగే ఇదీ నోటిమాట మీదే నడుస్తోంది, కాకపోతే చెవిలో చెప్పుకునే మాట!

మొదలుపెట్టేవారికి కొన్ని సూచనలు

* కనీసం ఆరు నెలల ఖర్చులు చేతిలో ఉంచుకుని మొదలుపెట్టండి.
* నెలకి ఎన్నిసార్లు ఎవరైనా వస్తే గిట్టుతుందో ముందే లెక్క వేసుకోండి.
* బోర్డు మీద జనం బాధని జనం మాటల్లో రాయండి. లేని డిగ్రీలు రాయకండి.
* గదిలో మాట బయటికి వినపడుతుందేమో స్వయంగా పరీక్షించండి.
* చుట్టాలనీ స్నేహితులనీ క్లయింట్లుగా తీసుకోకండి. తెలిసిన వేరే కౌన్సెలర్ దగ్గరికి పంపండి.
* వచ్చినవాళ్ల ఫొటోలు, మాటలు వాట్సాప్‌లో పెట్టకండి, పేరు లేకుండా కూడా.
* మీ చేతకాని సమస్య వస్తే వేరేవాళ్లకి పంపండి. అలా పంపినవాళ్లే మీ మీద నమ్మకం పెంచుతారు.
* ఫోను తీసే మనిషికి ముందు నోరు అదుపులో పెట్టుకోవడం నేర్పండి. ఇది నా స్వానుభవం!

ఆ పేరంటంలో కనిపించిన అమ్మాయి ఇప్పుడు ఎలా ఉందో నాకు తెలియదు. ఎప్పుడైనా మార్కెట్లో ఎదురుపడితే నేను పలకరించను. తను పలకరిస్తే మాత్రం చేతిలో సంచీ కింద పెట్టి మరీ నిలబడతాను.